ఏం సాధించామో రాసుకున్నాం, ఎలా మారామో ఎప్పుడు రాసుకుందాం?

అమెరికాలో మన తెలుగు సంఘాల సంచికల్లో వచ్చే పరిచయ వ్యాసాలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఫలానా చోట పుట్టారు, కష్టపడి చదివారు, విమానం ఎక్కారు, ఉద్యోగం, కంపెనీ, ఇల్లు, పుట్టిన ఊరికి చేసిన సాయం. వాటిని నేను గౌరవంతోనే చదువుతాను. చదివి పక్కన పెట్టాక మాత్రం కొన్ని ప్రశ్నలు మిగిలిపోతాయి. ఇన్నేళ్ళు పరాయి దేశంలో బతికిన ఈ మనిషి ఏ విషయంలో అభిప్రాయం మార్చుకున్నారు? ఇదివరకు ఎవరిని పట్టించుకోకుండా దాటిపోయేవారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఆగి పలకరిస్తున్నారు? ఇంట్లోవాళ్ళతో మాట్లాడే తీరు మారిందా? వ్యాసంలో వీటికి జవాబు దొరకదు.

విదేశం మనిషిని మారుస్తుందని అందరం అంటాం. నేను చూసినంతలో అది సగమే నిజం. దేశం మారినంత మాత్రాన మనిషి మారడు. సొంత చోట ఉన్న హోదా కొంతకాలమైనా చేజారి, ముక్కూమొహం తెలియనివాళ్ళ మంచితనం మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడు మారతాడు. ఆ అవసరం రాకుండా గడిచిపోయినవాళ్ళు ఎన్ని దేశాలు తిరిగినా ఎప్పటిలాగే ఉండిపోగలరు. పది రోజుల టూర్లు మనల్ని పెద్దగా కదిలించకపోవడానికి కారణం కూడా ఇదేననుకుంటాను. డబ్బు కట్టి వెళ్ళినవాడికి ప్రతి ఊళ్ళోనూ నవ్వు మొహాలే ఎదురవుతాయి. అదే ఊళ్ళో అద్దె ఇల్లు వెతుక్కునేవాడికి, ఫోన్లో తన ఇంగ్లీషు అవతలివాళ్ళకి అర్థంకాక మూడోసారి చెప్పాల్సి వచ్చినవాడికి ఎదురయ్యేది వేరే ఊరు.

గాంధీగారి కథ మనకు బాగా తెలుసనుకుంటాం. 1888లో ఆయన లండన్‌కి బయలుదేరినప్పుడు సముద్రం దాటుతున్నందుకు కులపెద్దలు వెలివేశారు. అక్కడికి చేరాక కొన్నాళ్ళు ఇంగ్లీషు దొరలా తయారవ్వాలని చూశారు. ఖరీదైన సూటు కుట్టించుకున్నారు, డాన్సు క్లాసులో చేరారు, వయొలిన్ కొన్నారు, ఉపన్యాసం నేర్పడానికి మాస్టారుని పెట్టుకున్నారు. మూడు నెలల్లో ఆ మోజు దిగిపోయింది. ఆ తర్వాత జరిగిన సంగతి నాకు ఇంకా ముఖ్యం. భగవద్గీతను ఆయన మొదటిసారి చదివింది లండన్‌లోనే. ఇద్దరు థియోసాఫిస్టు (దివ్యజ్ఞాన సమాజం) మిత్రులు ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషు అనువాదం చదువుతూ, మూలం మాతో కలిసి చదువుతావా అని అడిగారు. అప్పటిదాకా సంస్కృతంలోనూ గుజరాతీలోనూ కూడా చదవలేదని చెప్పడానికి సిగ్గేసిందని ఆయనే రాసుకున్నారు. బయటికి వెళ్తే సొంతదానికి దూరమైపోతామన్న భయం మన పెద్దల్లో ఇప్పటికీ ఉంది. పక్కింటివాళ్ళు అడిగాకే మన భాష గురించీ చరిత్ర గురించీ పుస్తకం తెరిచినవాళ్ళు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్ళ మాట వింటే ఆ భయం కొంత తగ్గుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ వెంటాడే కథ అంబేద్కర్‌గారిది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1916లో అక్కణ్ణుంచి లండన్‌కి వెళ్ళారు. 1917లో, స్కాలర్‌షిప్ షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగం చేయడానికి తిరిగొచ్చారు. రైలు దిగాక ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎదురైంది. అమెరికాలో, యూరప్‌లో గడిపిన ఏళ్ళు తాను అంటరానివాణ్ణన్న స్పృహనే మనసులోంచి తుడిచేశాయని ఆయన తర్వాత రాశారు. హిందువుల హోటళ్ళు రానివ్వవు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని ఉన్నారు. కొద్ది రోజులకే సంగతి బయటపడింది. కొందరు పార్సీలు కర్రలు పట్టుకుని గది ముందుకు వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. నువ్వొస్తే మా ఇంట్లో నౌకర్లు వెళ్ళిపోతారని హిందూ మిత్రుడు చెప్పాడు. భార్య ఊరి నుంచి వస్తోంది, ఆమెను అడగాలని క్రైస్తవ మిత్రుడు అన్నాడు. ఇంకెక్కడికీ వెళ్ళే దారి లేక ఒక తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు. ఎన్నేళ్ళు గడిచినా ఆ రోజు గుర్తొస్తే కన్నీళ్ళు ఆగవని కూడా రాశారు.

కొలంబియాలో పట్టా పుచ్చుకున్న అంబేద్కర్ గురించి మనం మాట్లాడుకుంటాం. కానీ అక్కడ ఆయనకు దొరికింది పట్టా ఒక్కటే అయితే బరోడాలో అంత గాయం తగిలేది కాదు. తోటివాళ్ళతో సమానంగా కూర్చోవడం, ఏ గదిలోకైనా తలుపు తోసుకుని వెళ్ళగలగడం ఆయన ఒంటికి అలవాటైపోయాయి. మళ్ళీ వెనక్కి, పాత కొలతలోకి ఒదగడం ఆయనవల్ల కాలేదు. ఆ తర్వాత జీవితమంతా మారవలసింది తాను కాదు, ఈ దేశమని పట్టుబట్టారు. బయటికెళ్ళి మారడమంటే నా దృష్టిలో ఇంత లోతైన విషయం.

తెలుగువాళ్ళలో వి.వి.గిరిగారి కథ ఉంది. 1913లో బారిస్టరు చదువుకని డబ్లిన్ వెళ్ళిన ఆ యువకుడు, బ్రిటిష్ పాలన మీద తిరగబడుతున్న ఐర్లండ్‌ను కళ్ళారా చూశారు. 1916 తిరుగుబాటు తర్వాత అక్కడి జాతీయవాదులతో సంబంధాలున్నాయని ఆయన్ని దేశం విడిచి వెళ్ళమన్నారు. తిరిగొచ్చి రైల్వే కార్మికుల సంఘాలు నడిపారు. మన పాఠాల్లో ఆయన 1969లో రాష్ట్రపతి అయిన సంగతి ఉంటుంది. లా పుస్తకాలు చదువుకోవడానికి వెళ్ళిన కుర్రాడు కార్మికుల మనిషిగా ఎలా మారాడన్న సంగతి ఉండదు.

పెద్దవాళ్ళ కథలు అలా ఉంచి, నాకు తెలిసినవాళ్ళ సంగతి చెబుతాను. పేర్లు రాయడం లేదు.

ఒకావిడ పెళ్ళికి ముందు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. భర్తతోపాటు అమెరికా వచ్చాక భర్త వర్క్ వీసా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా కారణంగా ఉద్యోగం చేయడానికి వీల్లేకపోయింది. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా మొదటి ప్రశ్న "మీరేం చేస్తుంటారు?" జవాబు లేక, వంటింట్లో ఎవరికో సాయం చేసే నెపంతో అక్కణ్ణుంచి తప్పుకునేది. 2015 మే నుంచి గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చిన హెచ్-1బి వర్క్ వీసా వాళ్ళ భార్యలకూ భర్తలకూ పని అనుమతి ఇవ్వడం మొదలైంది. ఆవిడకీ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మంచి హోదాలో ఉంది. కానీ తనను మార్చింది ఉద్యోగం కాదంటుంది. "ఆ ఖాళీ ఏళ్ళలోనే నాకు మనుషులు కనపడ్డారండీ. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ముసలావిడ నాకు డ్రైవింగ్ నేర్పింది. నేను ఏం చదివానో ఆవిడ ఎప్పుడూ అడగలేదు." కొత్తగా పరిచయమైన ఎవర్నీ ఈవిడ ఇప్పుడు ఉద్యోగం గురించి అడగదు. నేను గమనించాను.

ఇంకొకాయన మంచి పేరున్న కుటుంబం నుంచి వచ్చాడు. మాస్టర్స్ చదివేటప్పుడు యూనివర్సిటీ క్యాంటీన్‌లో టేబుళ్ళు తుడిచాడు. ఇంట్లో ఆ మాట చాలాకాలం చెప్పలేదు. ఇప్పుడు ఆఫీసులో గదులు ఊడ్చేవాళ్ళని పేరుపెట్టి పలకరిస్తాడు, వాళ్ళ పిల్లల చదువులు కనుక్కుంటాడు. నిజంగా మారాడు. అయితే ఆయనతో కలిసి ఒకసారి ఇండియాలో ప్రయాణం చేశాను. తెల్లవారినప్పటి నుంచి మమ్మల్ని తిప్పిన కారు డ్రైవర్ తిన్నాడో లేదో ఆయనకు పట్టలేదు. ఇక్కడ నేర్చుకున్న గుణాన్ని ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వెళ్ళాడు. మనలో చాలామందిమి ఇలా రెండు దేశాల్లో రెండు మనుషులుగా బతుకుతున్నాం. దీన్ని గురించి బాహాటంగా మాట్లాడుకోకపోతే ఎన్నాళ్ళైనా అలాగే బతుకుతాం.

మూడో మనిషి సంగతి రాయడం కష్టంగా ఉంది. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది. దాంతో భారతీయుల క్యూ ఏళ్ళ తరబడి సాగుతోంది. ఆయన ఆ క్యూలో ఉన్నాడు. తండ్రి పోయినప్పుడు, వెళ్తే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ దొరికి తిరిగి రాగలనో లేదోనన్న టెన్షన్‌తో వెళ్ళలేకపోయాడు. అప్పటి నుంచి మన కార్యక్రమాలకు రావడం మానేశాడు. ఆఫీసులో అన్యాయం జరిగినా నోరు ఎత్తడు. "బాగా మారిపోయాడండీ" అని జనం ఫిర్యాదులా అంటారు. అవును, మారాడు. ఎదురుచూపులు మనిషిని జాగ్రత్తపరుణ్ణి చేస్తాయి, భయస్థుణ్ణి చేస్తాయి, ఒంటరిని చేస్తాయి. ఇది కూడా విదేశం తెచ్చిన మార్పే. మన సంచికల్లో దీనికి చోటు లేకపోతే అలాంటివాళ్ళు తమ ఒక్కరికే ఇలా జరిగిందనుకుంటారు.

మార్పుకి ఖరీదు కట్టేది వెళ్ళినవాళ్ళు మాత్రమే కాదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల్లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల రసాయనాల మీద పరిశోధన చేశారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఎన్నో మందులకు దారి వేశారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఈ మధ్యలో ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. ఇండియాలో వదిలివచ్చిన భార్య ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఆయన గొప్పతనం గురించి మనం ఎంత చెప్పుకున్నా తక్కువే. ఆమె జీవితం ఎలా మారిందన్న ప్రశ్నను కూడా ఆ కథలో కలిపి చెప్పుకుంటేనే అది పూర్తి కథ అవుతుంది.

ఇక కులం. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో ఒప్పంద కూలీకి వచ్చిన ఆ మొదటి మనుషుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒప్పంద కూలీ క్రూరమైన వ్యవస్థ, అందులో పొగడదగ్గది ఏమీ లేదు. కానీ అలాంటి ఓడల్లో, ఒకే చోట పడుకుని, ఒకే వంట తిని, ఒకే జబ్బు పడిన మనుషుల మధ్య కులం కట్టుబాట్లు చాలావరకు సడలిపోయాయి. ఉత్తరాది కూలీలు ఒకే ఓడలో వచ్చినవాళ్ళని జహాజీ భాయి అని పిలుచుకున్నారు. డర్బన్‌కి చేరిన తెలుగువాళ్ళ పిల్లలూ మనవలూ 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను నిలబెట్టుకోవాలని చూశారు. మనం విమానంలో వచ్చాం. ఎవరి సీటు వాళ్ళది, ఎవరి హోదా వాళ్ళ వెంట. ఉత్తర అమెరికాలో తెలుగు సంఘాలు ఎందుకు ఇన్నయ్యాయో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అలాంటి బిల్లునే కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదిస్తే గవర్నర్ తిరస్కరించారు. ఆ చట్టాలు అవసరమా కాదా అని మనవాళ్ళు రెండుగా చీలి వాదించుకున్నారు. నా మటుకు నాకు అవి అవసరమే. ఆ వాదనలు జరిగిన రోజుల్లోనైనా, కాలేజీ హాస్టల్లో తన కులం దాచుకున్నట్టే ఇక్కడి ఆఫీసులోనూ దాచుకుంటున్న ఒక తెలుగు కుర్రాడి కథ మన సంచికల్లో రావలసింది. రాలేదు.

గల్ఫ్ కథలూ రావు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళి కట్టడాల్లో ఎండకు మాడినవాళ్ళు, కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు కూడా ప్రవాసులే. పరాయి భాష నేర్చుకున్నారు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టి బతకడం నేర్చుకున్నారు, రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్తే సొంత పిల్లలు చుట్టాన్ని చూసినట్టు చూడటం భరించారు. వీళ్ళకన్నా ముందు రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్ళున్నారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వస్తే, కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా చేరిన లక్షల మందిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. బర్మా నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడ్డ చోటుకి విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. అక్కడ పెరిగినవాళ్ళలో కొందరి మనవలు ఇప్పుడు మనలాగే ఐటీ ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. తాతల ప్రయాణం వాళ్ళకి ఎంతవరకు తెలుసో అడిగినవాళ్ళు లేరు.

మనకు రాసుకునే అలవాటు లేదనడానికి వీల్లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు నెలల తరబడి సాగిన ఆ ప్రయాణంలో చూసిందల్లా రాసుకుంటూ వెళ్ళారు. ఇప్పుడు మన చేతిలో ఫోన్ ఉంది, రికార్డు చేసుకోవచ్చు, తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది.

అందుకని సంపాదకవర్గానికి ఒక విన్నపం. వచ్చే సంచిక నుంచి నాలుగు పేజీలు ఈ పనికి కేటాయించండి. పరిచయ వ్యాసాలు తీసెయ్యమనడం లేదు, వాటిలో ఒక ప్రశ్న కలపండి: ఇక్కడికి వచ్చాక దేని గురించి మీ అభిప్రాయం మారింది, అది మార్చింది ఎవరు? ట్యాక్సీ నడుపుతున్నవాళ్ళని అడగండి, పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వచ్చి కిటికీ దగ్గర పగళ్ళు గడిపే తల్లిదండ్రుల్ని అడగండి, విడాకులు తీసుకున్నవాళ్ళని, వీసా పోయి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళని కూడా అడగండి. రాయడం రానివాళ్ళ దగ్గర కూర్చుని రాసిపెట్టడానికి నేను సిద్ధం. శని, ఆదివారాలు ఆ పనికే ఇస్తాను. పేరు వేయొద్దంటే పేరు లేకుండానే వేద్దాం.