మోరల్ సైన్స్ పీరియడ్ గారికి ఒక అమ్మమ్మ ఉత్తరం

మహారాజశ్రీ మోరల్ సైన్స్ పీరియడ్ గారి దివ్యసముఖమునకు,

మూడో తరగతి ‘బి’ సెక్షన్ పిల్ల అమ్మమ్మ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం గురించే కాస్త బెంగగా ఉంది. పరీక్షల ముందు మిమ్మల్ని లెక్కల టీచరు తీసేసుకున్నారట. పరీక్షలయ్యాక పేపర్లు దిద్దుకోవడానికి ఇంగ్లీషు టీచరు తీసుకున్నారట. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే గోడలకి చార్టులు అంటించడానికి ఇంకెవరో తీసుకున్నారట. అడక్కుండా ఎవరి వస్తువూ తీసుకోకూడదని చెప్పాల్సిన పీరియడ్‌ని ఇలా అడక్కుండా తీసుకోవడం మా బడి ఆనవాయితీ. కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెట్టినా మీరు కిక్కురుమనరు. టైంటేబుల్లో శుక్రవారం ఆఖరి గడిలో మీ పేరు మాత్రం చెక్కుచెదరదు. మీ ఓర్పుకి ఒక దండం.

ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మీకు ప్రమోషన్ వచ్చిందని విన్నాను.

మొన్న పేరెంట్స్ మీటింగులో చెప్పారు. పేరెంట్స్ మీటింగ్ అనడమే గానీ మా కోనసీమలో అది సగానికి సగం అమ్మమ్మల, నాయనమ్మల మీటింగ్. తల్లులు కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఇళ్ళల్లో పనిచేస్తుంటారు. మా అమ్మాయి కూడా కువైట్‌లోనే ఉంది. వీడియో కాల్‌లో మీటింగు చూపించమంటుంది, నేను ఫోను తిప్పితే సీలింగు ఫ్యాను కనబడుతుంది. హెచ్‌ఎం సిస్టర్ గారు ఒక్కొక్కరినీ పలకరిస్తారు. మార్కుల సంగతి కంటే ముందు ‘అకామా, అదే అక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ అయిందా, ఇంట్లోవాళ్ళు జీతం సరిగ్గా ఇస్తున్నారా’ అని అడుగుతారు. ఆవిడ అడిగే ఆ రెండు ముక్కలూ మీ సిలబస్‌లో ఎక్కడా లేవు, నేను చూశాను.

అయితే ఆ మీటింగులో తేలిందేమంటే, వచ్చే ఏడాది నుంచి మీరు మోరల్ సైన్స్ కాదట, ‘వాల్యూ ఎడ్యుకేషన్’. రంగుల పుస్తకం, స్మార్ట్ బోర్డు మీద బొమ్మల వీడియోలు, ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు. నెలకోసారి బాగా పంచుకున్న పిల్లకి ‘షేరింగ్ స్టార్’ అని చొక్కాకి తగిలించే బ్యాడ్జి. ఈ సందర్భంగా కరస్పాండెంట్ ఫాదర్ గారు ఒక మంచి మాట చెప్పారు. 1965లో వాటికన్ మహాసభ విద్య మీద ఒక ప్రకటన చేసిందట. కతోలిక బడిని మిగతా బడుల నుంచి వేరుచేసేది అక్కడ స్వేచ్ఛ, ప్రేమ నిండిన సమాజ జీవనమేనని అందులో ఉందట. నేను చెవులు రిక్కించి విన్నాను. వారానికి నలభై నిమిషాల సంగతి గానీ, బ్యాడ్జి సంగతి గానీ అందులో వినబడలేదు. అడుగుదామనుకునేలోపే చప్పట్లు కొట్టేశారు.

మీ పాత పుస్తకం మా ఇంట్లో ఉంది కాబట్టి దాని గురించి రెండు మాటలు. మొదటి పాఠం ‘నా కుటుంబం’. బొమ్మలో నాన్న ఆఫీసు బ్యాగుతో బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి టాటా చెబుతుంది. మా పిల్ల పెన్సిల్ తీసుకుని అమ్మ చేతిలో సూట్‌కేసు గీసింది, పైన విమానం గీసింది. ‘పుస్తకం పాడు చేసింది’ అని డైరీలో రాసి పంపారు. నాకు మాత్రం ఆ పుస్తకం మొత్తంలో నిజం చెప్పిన బొమ్మ అదొక్కటే అనిపించింది.

రెండో పాఠం నిజాయితీ. జార్జి వాషింగ్టన్ చిన్నప్పుడు గొడ్డలితో చెర్రీ చెట్టు కొట్టి, ‘నేనే కొట్టాను నాన్నా’ అని ఒప్పుకుంటే వాళ్ళ నాన్న మెచ్చుకున్నాడట. ఇక్కడ ఎవడైనా కాపుమీదున్న కొబ్బరిచెట్టు కొట్టి ఒప్పుకుంటే మెచ్చుకోరు, పెద్దమనుషుల్లో పెడతారు. అది సరే. చెర్రీ అంటే ఏంటో చూపించమని పిల్ల ప్రాణం తీస్తే కిళ్ళీకొట్టుకి తీసుకెళ్ళి స్వీట్ కిళ్ళీ మీద గుచ్చే ఎర్ర చెర్రీ చూపించాను. అది చెర్రీ కాదు, వాక్కాయకి పాకం పట్టి రంగేసిందని కొట్టతనే చెప్పాడు. పాపం నిజాయితీపరుడు. ఇక అసలు కథ సంగతి చూస్తే, వాషింగ్టన్ 1799లో పోయాడు. చెట్టు కథేమో 1806లో ఆయన జీవితచరిత్ర అచ్చు వేసిన ఒక పాదిరి అందులో కలిపిన కల్పన. కథా ఉత్తదే, చెర్రీ ఉత్తదే. నిజం చెప్పడం నేర్పడానికి మీకు దొరికిన సరుకు ఇది. రంగుల పుస్తకంలో ఇదే పాఠం వీడియోతో సహా వస్తుందని విని ఇంకా ముచ్చటేసింది.

మూడో పాఠం పంచుకోవడం. ఇక్కడ మీతో నాకు పేచీ ఉంది. బడి డైరీ ముందు పేజీలో ‘మా విలువలు’ కింద ‘ఉన్నది నలుగురితో పంచుకుందాం’ అని ఉంటుంది. దాని వెనక పేజీలో ‘నిబంధనలు’ కింద ‘విద్యార్థులు తమ లంచ్ బాక్సు, వాటర్ బాటిల్ ఇతరులతో పంచుకోరాదు’ అని ఉంటుంది. కరోనా అప్పుడు పెట్టిన రూలు. కరోనా పోయింది, రూలు ఉండిపోయింది. ఒకే కాగితానికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు మాటల్లో పిల్ల ఏది పాటించాలో ‘షేరింగ్ స్టార్’ ఇచ్చేటప్పుడైనా తేల్చండి. మా పిల్ల తనకు తానే తేల్చుకుంది. టీచరు చూస్తున్నప్పుడు పెన్సిల్ పంచుకుంటుంది, చూడనప్పుడు పులిహోర పంచుకుంటుంది. మొదటిదానికి బ్యాడ్జి వస్తుందట.

నేను ఇదే కాంపౌండులో ఐదో తరగతి దాకా చదివాను. అప్పుడు దీన్ని ఆర్‌సీఎం బడి, అంటే రోమన్ కతోలిక మిషన్ బడి, అనేవాళ్ళు, ఇప్పటికీ మా వయసువాళ్ళం అలాగే అంటాం. అమెరికా పాలపొడి కలిపిన పాలు, గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. గ్లాసులు సరిపోక ఇద్దరికొకటి. నీళ్ళకి ఒకటే బోరింగు. బోరింగు దగ్గర ఒక్కడే వెళ్ళి నీళ్ళు తాగలేడు, ఒకడు కొట్టాలి, ఇంకొకడు దోసిలి పట్టాలి. కొట్టేవాడు ఏ పేట పిల్లాడు, పట్టేవాడు ఏ వీధి పిల్లాడు అని చూస్తే దాహంతో చావాల్సిందే. ఇంటికెళ్ళాక ఎవరింట్లో ఎవరు గుమ్మం బయట ఆగాలో మాకు బాగా తెలుసు. బోరింగు దగ్గర మాత్రం ఆ లెక్క నడవలేదు. అప్పట్లో మీరింకా పుట్టలేదు గనక ఇది నీతిపాఠమని మాకెవరూ చెప్పలేదు. బోరింగు ఇప్పుడు లేదు, ఆర్‌వో ప్లాంటు వచ్చింది. నీళ్ళు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎవరి బాటిల్ వాళ్ళు పట్టుకుంటారు, ఎవరితో ఎవరికీ పని లేదు.

కాంపౌండు కూడా రెండయింది. ఇటువైపు ఫీజు కట్టే ఇంగ్లీషు మీడియం, అటువైపు సర్కారు జీతాలిచ్చే పాత ఎయిడెడ్ బడి, మధ్యలో గ్రిల్ గేటు, దానికి తాళం. అటువైపు పోస్టులు ఖాళీ అయితే నింపక ఏళ్ళయింది. 2021లో ఎయిడెడ్ టీచర్లను ప్రభుత్వంలోకి తీసుకుంటామన్నప్పుడు అది మూతపడుతుందనే అనుకున్నాం. పడలేదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు లాగిస్తున్నారు. కాబట్టి ఐదో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లలకి ఒత్తులు దిద్దిస్తుంది, నాలుగో తరగతి పిల్లాడు రెండో తరగతి వాళ్ళకి ఎక్కాలు చెబుతాడు. చిన్నవాళ్ళకి పలక తుడిచి, ముక్కు తుడిచి, గుండీలు పెట్టి మరీ చెబుతారు. అటువైపు టైంటేబుల్లో మీరు లేరు. టీచర్లే లేనిచోట మీరెక్కడుంటారు?

మధ్యాహ్నం అటువైపు పిల్లలకి ప్రభుత్వ భోజనం వస్తుంది. 2024లో దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మాకు పరాయిది కాదు, మా పక్క లంకల గన్నవరం ఇల్లాలు. 1909లో పోయేదాకా గోదావరి దాటి వచ్చిన బాటసారి ఎవరైనా, ఏ వేళైనా, కులం అడక్కుండా అన్నం పెట్టింది. ఆవిడ పేరున్న భోజనానికి ఇటు గ్రిల్ గేటు, దాని ఇటుపక్క ‘పంచుకోరాదు’ రూలు. పిల్లలు మాత్రం గ్రిల్ కన్నాల్లోంచి వ్యాపారం నడుపుతున్నారు. ఉడికించిన గుడ్డు అటు నుంచి ఇటు, చిప్స్ ప్యాకెట్‌లో సగం ఇటు నుంచి అటు. గుడ్డు వాసన గుమ్మం తొక్కకూడదనే ఇంటి పిల్లాడొకడు ఇందులో పెద్ద గిరాకీ అట. పేరు చెప్పను, మీటింగులో వాళ్ళ నాయనమ్మ నా పక్కనే కూర్చుంటుంది. ఉప్పూ మిరియం కూడా ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంటున్నాడంటే, వాడికి భవిష్యత్తు ఉంది.

ఇంకో విచిత్రం మీకు చెప్పాలి. ఎయిడెడ్ బడిలో పెద్దల అనుమతి లేకుండా ఏ పిల్లనీ మతబోధకి కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణలో ఉంది. సబబైన మాట. మా సిస్టర్లు దాన్ని ఇటువైపూ పాటిస్తారు. అందుకని శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో కతోలిక పిల్లలు చర్చి గుడిలో సత్యోపదేశానికి, అంటే మతపాఠానికి, వెళ్తారు, మిగతావాళ్ళు మీ దగ్గర కూర్చుంటారు. గుడిలో చాపల మీద అటు ఎయిడెడ్ పిల్లలూ ఇటు ఇంగ్లీషు మీడియం పిల్లలూ కలిసే కూర్చుంటారు. వారం మొత్తంలో రెండు బడులూ ఒకటయ్యేది ఆ ఒక్క పీరియడే. మీ దగ్గరేమో ‘అందరూ సమానమే’ పాఠం ఒక వైపు పిల్లలకే జరుగుతుంది. మా పిల్ల తననీ గుడికి పంపమని గొడవ. అక్కడ పాటలున్నాయి, అరటిపళ్ళున్నాయి అంటుంది. అనుమతి పత్రం రాద్దామనే ఉంది గానీ, మా ఆయన సత్యోపదేశమంటే కంగారు పడతారు. అదే మనిషి మార్చి నెలలో గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్ళి మేరీమాతకి కొబ్బరికాయ కొట్టి వస్తారు.

మీరు చిన్నబుచ్చుకోకండి. మీ మీద నాకు కోపం లేదు, మిమ్మల్ని చూపించి చేతులు దులుపుకునేవాళ్ళ మీదే. 1986 ఆగస్టు వరదకి భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటినప్పుడు మా లంక మునిగితే ఈ బడి గదుల్లోనే పడుకున్నాం, ఏడాది పిల్లని ఒళ్ళో పెట్టుకుని. సిస్టర్లు గంజి కాచి పోశారు. ఏ గదిలో ఎవరు పడుకోవాలని ఎవరూ అడగలేదు, తరవాత నీళ్ళు తీశాక మళ్ళీ అడగడం మొదలుపెట్టాం. 2022 జులైలో నది మళ్ళీ 70 అడుగులు దాటినప్పుడూ లంకల జనానికి బడులే దిక్కయ్యాయి. అదే ఏడాది అంతకు రెండు నెలల ముందు, మే 24న, జిల్లాకి అంబేద్కర్ గారి పేరు పెడుతున్నారని అమలాపురంలో మంత్రి గారి ఇల్లూ ఎమ్మెల్యే గారి ఇల్లూ తగలబెట్టారు. ఇంటర్నెట్ ఆపేస్తే కువైట్‌లో మా అమ్మాయికి ఇక్కడేం జరుగుతోందో తెలియక టెన్షన్‌తో నిద్ర లేదు. ఆ గుంపులో ఉన్న కుర్రాళ్ళంతా ఏదో ఒక బడిలో చదివినవాళ్ళే. రోజూ పొద్దున్నే చెయ్యి చాచి ‘భారతీయులందరూ నా సహోదరులు’ అన్నవాళ్ళే. ఆ ప్రతిజ్ఞ 1962లో రాసింది మన తెలుగువాడు పైడిమర్రి వెంకట సుబ్బారావు గారే. చాచిన చేత్తో ముందు లైనులో ఉన్న సహోదరి జడ లాగడం వరకైతే పిల్లతనం. తరవాత సంగతి మీ రంగుల పుస్తకంలో ఏ పేజీలో వేస్తారో చూడాలి.

కాబట్టి నా మనవి ఇది. ప్రమోషన్ వద్దని రాసివ్వండి. గ్రేడూ వద్దు, బ్యాడ్జీ వద్దు. ఎలాగూ మిమ్మల్ని ఎవరో ఒకరు తీసుకుంటూనే ఉన్నారు కాబట్టి, శుక్రవారం ఆ నలభై నిమిషాలూ అటువైపు ఐదో తరగతి పిల్లలకి ఇచ్చేయండి. ఇటువైపు మూడో తరగతికి తెలుగు ఒత్తులు వాళ్ళు దిద్దిస్తారు. మా పిల్ల ‘క్ష’ రాస్తే ఇప్పటికీ తోక ఎటో పోతోంది. బదులుగా వీళ్ళు వాళ్ళకి ఇంగ్లీషు రైమ్స్ చెబుతారు. గ్రిల్ తాళం సిస్టర్ గారి టేబులు సొరుగులో, రబ్బరు స్టాంపుల పక్కన ఉంటుంది. డిసెంబరులో క్రిస్మస్‌కి బాలయేసు పశువుల పాక కట్టడానికి సార్వా గడ్డి మోపులు ఆ గేటులోంచే వస్తాయి, అప్పుడు తాళం ఇబ్బంది లేకుండానే తెరుచుకుంటుంది. గడ్డికి తెరిచింది పిల్లలకీ తెరవవచ్చేమో ఫాదర్ గారిని అడిగి చూడండి. నేను అడిగితే చప్పట్లు కొట్టేస్తారు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక అమ్మమ్మ

తా.క.: ‘వాల్యూ ఎడ్యుకేషన్’ పుస్తకానికి అడ్వాన్సు కట్టించుకున్నారు, రసీదు ఇవ్వలేదు. నిజాయితీ పాఠం పూర్తయ్యేలోపు ఇప్పించగలరు.