పైథాన్ జీయూఐ టూల్‌కిట్‌ను స్క్రీన్‌షాట్ చూసి ఎంచుకోకండి

పైథాన్‌లో డెస్క్‌టాప్ అప్లికేషన్ రాయాలి, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడవాలి, విండోలు, బటన్లు గీసిపెట్టే జీయూఐ టూల్‌కిట్‌లలో ఏది తీసుకోవాలి? ఈ ప్రశ్న ఎక్కడ పడినా జవాబులు ఒకే దారి పడతాయి. పైథాన్‌తోపాటే వచ్చే టికింటర్ పాతకాలపుదిగా కనిపిస్తుందని ఒకరు, ఫలానాదాంట్లో బటన్ల అంచులు గుండ్రంగా వస్తాయని మరొకరు, డార్క్ థీమ్ బాగుందని ఇంకొకరు. ఆ అప్లికేషన్‌ను రేపు వాడబోయేది ఎవరని అడిగేవారే ఉండరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నేను మొదట చూసేది అక్షరాన్ని. లేబుల్‌లో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అని రాసి లైనక్స్‌లో నడిపి చూడండి. టికింటర్ అడుగున పనిచేసే టికెలో, పైథాన్‌తో ఎక్కువగా కనిపించే 8.6 వెర్షన్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఒత్తు కిందికి దిగదు. పొల్లుతో ఒక అక్షరం, దాని పక్కన పూర్తి అక్షరం విడివిడిగా నిలబడతాయి. తప్పు ఫాంటుది కాదు. అక్షరాలను కలిపి రూపం కట్టే పని, అంటే షేపింగ్, అక్కడి టికెలో జరగదు. విండోస్, మ్యాక్‌లలో ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమే చేసిపెడుతుంది కాబట్టి, అక్కడ మాత్రమే పరీక్షించినవారికి లోపం కనబడదు. క్యూటీ అనే టూల్‌కిట్ షేపింగ్‌కు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుతుంది. జీటీకే అనే మరో టూల్‌కిట్ కూడా పాంగో అనే లైబ్రరీ ద్వారా దాన్నే వాడుతుంది. డబ్ల్యూఎక్స్‌పైథాన్ అనే ఇంకో టూల్‌కిట్ లైనక్స్‌లో జీటీకే మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడా పేచీ లేదు. తెలుగుకే కాదు, దేవనాగరికి, అరబిక్‌కు కూడా ఇదే లెక్క. చదవడానికి వీల్లేని పేరు తెర మీద కనిపించాక బటన్ అంచు ఎంత అందంగా ఉంటే ఏం లాభం?

రెండోది స్క్రీన్ రీడర్. చూపులేని వ్యక్తి ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్తే, ఏ బటన్ దగ్గర ఉన్నారో యంత్రం చదివి చెప్పాలి. టికె 8.6 విడ్జెట్ల (బటన్లు, పెట్టెల వంటి భాగాల) గురించి స్క్రీన్ రీడర్‌కు అందే సమాచారం దాదాపు శూన్యం. ఇది చిన్న లోటు కాదు, ఒక మనిషికి తలుపు మూసేయడం. విండోస్‌లో విరివిగా వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను రాసింది పైథాన్‌లోనే, దాని సెట్టింగుల విండోలు డబ్ల్యూఎక్స్‌పైథాన్‌వి. డబ్ల్యూఎక్స్‌పైథాన్‌కు మూలమైన డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్‌ను జూలియన్ స్మార్ట్ 1992లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. సాధ్యమైనంతవరకు ఆయా సిస్టమ్ సొంత బటన్లనే, సొంత పెట్టెలనే వాడాలన్నది దాని పద్ధతి. స్క్రీన్ రీడర్‌కు అవి ముందే తెలిసినవి. క్యూటీ తన విడ్జెట్లను తానే గీస్తుంది గానీ, వాటి వివరాలను స్క్రీన్ రీడర్‌కు అందజేస్తుంది. మీరు సొంతంగా గీసిన విడ్జెట్‌కు మాత్రం పేరు, వివరణ మీరే ఇవ్వాలి. దయచేసి ఇవ్వండి.

టికింటర్ మీద నాకు ద్వేషం లేదు. పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్ దానితోనే నడుస్తోంది. మీ కోసం, మీ పక్క డెస్కు మనిషి కోసం నాలుగు పెట్టెల పరికరం కావాలంటే టికింటర్‌తో రాసేయండి, అందులోనే ఉండే టీటీకే అనే కొత్త తరహా విడ్జెట్లు వాడండి, చాలు. నలుగురికీ పంచేదైతే మాత్రం వద్దు.

ఇక లైసెన్స్. క్యూటీని పైథాన్ నుంచి వాడేందుకు పైక్యూటీని ఫిల్ థాంప్సన్ 1998లో తెచ్చారు; అది జీపీఎల్ (అప్లికేషన్‌ను పంచితే దాని కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) కింద గానీ, డబ్బు కట్టి తీసుకునే లైసెన్స్ కింద గానీ దొరుకుతుంది. నోకియా 2008లో క్యూటీని తయారుచేసిన ట్రోల్‌టెక్‌ను కొని, 2009లో క్యూటీని ఎల్‌జీపీఎల్ (మీ సొంత కోడ్‌ను బయటపెట్టక్కర్లేని లైసెన్స్) కింద కూడా విడుదల చేసింది. పైథాన్‌కూ అదే వెసులుబాటు ఉండాలని అదే ఏడాది పైసైడ్‌ను తెచ్చింది. ఇప్పుడది క్యూటీ వారి అధికారిక పైథాన్ బైండింగ్, అంటే పైథాన్‌కూ క్యూటీకీ మధ్య వంతెన. రెండింటి కోడ్‌లో తేడా స్వల్పం, హక్కుల్లో తేడా పెద్దది. పైసింపుల్‌జీయూఐ అనే లైబ్రరీ 2024లో ఐదో వెర్షన్‌తో వాణిజ్య లైసెన్స్‌కు మారినప్పుడు దాని మీదే అన్నీ కట్టుకున్నవారు ఎంత గందరగోళపడ్డారో గుర్తు చేసుకోండి. లైసెన్స్ చదవడం ప్రాజెక్టు మొదటి రోజున చేయాల్సిన పని.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి నా మాట పైసైడ్6. క్యూటీ మీద పైథాన్‌తో ఎంత పెద్ద అప్లికేషన్ కట్టవచ్చో ఈ-పుస్తకాల కాలిబర్, ఫ్లాష్‌కార్డుల యాంకీ ఏళ్ల తరబడి చూపిస్తున్నాయి. అవి వాడేది పైక్యూటీ అయినా అడుగున ఉన్నది అదే క్యూటీ. ఫారాలు నింపించే అప్లికేషన్ అయి, స్క్రీన్ రీడర్ వాడేవారు ఎక్కువగా ఉంటే డబ్ల్యూఎక్స్‌పైథాన్. ఫోనులో, వేళ్లతో తాకే తెర మీద నడవాలంటే కివీ. అది అన్నీ తానే గీస్తుంది కాబట్టి అక్షరం పరీక్ష, స్క్రీన్ రీడర్ పరీక్ష రెండూ విడిగా చేసుకోవాలి.

పైసైడ్ బరువంటారు. ఆ బరువులో చాలా భాగం వెబ్ పేజీలు చూపించే వెబ్‌ఇంజిన్‌ది, ఎందుకంటే దాని లోపల క్రోమియం బ్రౌజర్ ఉంది. అది అక్కర్లేకపోతే పైసైడ్6 ఎసెన్షియల్స్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేయండి. ఏ టూల్‌కిట్ తీసుకున్నా, అప్లికేషన్‌ను ప్యాకేజీగా కట్టే పైఇన్‌స్టాలర్ ఒక సిస్టమ్‌లో కూర్చుని మరో సిస్టమ్‌కు ప్యాకేజీ కట్టదు. విండోస్ ఫైలు విండోస్‌లోనే, మ్యాక్‌ది మ్యాక్‌లోనే తయారవుతుంది. అందుకని మొదటి విండో తెరుచుకున్న వారంలోనే మూడు సిస్టమ్‌లలోనూ ప్యాకేజీ కట్టి, పైథాన్ లేని కంప్యూటర్‌లో తెరిచి, ‘స్త్రీ’ అని టైప్ చేసి, స్క్రీన్ రీడర్ పెట్టుకుని ట్యాబ్ నొక్కి చూడండి. ఈ పరీక్షలో తప్పిన టూల్‌కిట్‌ను ఆ వారంలోనే మార్చేయవచ్చు. కోడ్ పెరిగాక మార్చాలంటే సగం మళ్లీ రాయాలి.