తుపాకుల నియంత్రణకు టెక్సాస్ శాసనసభే చట్టం చేయాలి

2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపిన వ్యక్తి తెచ్చుకున్న ఎనిమిది తుపాకులూ చట్టబద్ధంగా కొన్నవేనని అధికారులు వెల్లడించారు. మృతుల్లో హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన యువ ఇంజినీరు కూడా ఉన్నారు. ఆ తరువాత రెండు రోజులకు, కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనడానికి కనీస వయసును 18 నుంచి 21 ఏళ్లకు పెంచే బిల్లును టెక్సాస్ ప్రతినిధుల సభ కమిటీ 8-5 ఓట్లతో ఆమోదించింది. 2022లో టెక్సాస్‌లోనే యువాల్డే ఊరి బడిలో 18 ఏళ్ల యువకుడి కాల్పులకు బలైన 19 మంది పిల్లల, ఇద్దరు టీచర్ల కుటుంబాలు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ చుట్టూ తిరిగి తిరిగి సాధించుకున్న ఓటు అది. అయినా గడువు దాటిపోయిందన్న కారణంతో ఆ బిల్లు సభలో చర్చకే రాలేదు.

ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా అందరి చూపూ వాషింగ్టన్ వైపు మళ్లుతుంది. 2012లో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ బడిలో కాల్పులకు 20 మంది పిల్లలు చనిపోయాక కూడా, కొనుగోలుదారుల తనిఖీని విస్తరించే ప్రతిపాదనకు 2013లో సెనేట్‌లో 54 ఓట్లే వచ్చాయి, కావలసినవి 60. ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న దుకాణదారుడే కొనేవాడి నేర చరిత్రను తనిఖీ చేయించాలి. ఒక వ్యక్తి మరొకరికి సొంతంగా అమ్మితే ఆ నిబంధన వర్తించదు. 2019లో టెక్సాస్‌లోని మిడ్‌ల్యాండ్-ఒడెస్సా ప్రాంతంలో ఏడుగురిని చంపినవాడు 2014లో దుకాణం తనిఖీలో తిరస్కరణకు గురై, తరువాత ప్రైవేటు అమ్మకంలో రైఫిల్ సంపాదించాడు. ఈ దారిని రాష్ట్ర చట్టం మూసేయగలదు. తుపాకీ కొనాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలని కనెక్టికట్ 1995లో నిర్దేశించగా, మిస్సోరీ అలాంటి చట్టాన్నే 2007లో రద్దు చేసింది. మొదటిచోట తుపాకీ హత్యలు తగ్గాయని, రెండోచోట పెరిగాయని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అంచనా వేశారు. టెక్సాస్ మాత్రం 2021లో, అనుమతి లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకు తిరిగే వీలు కల్పించింది.

నా దృష్టిలో అన్నిటికంటే అవసరమైనది రెడ్ ఫ్లాగ్ చట్టం. తనకో ఇతరులకో హాని తలపెట్టేలా ఉన్న మనిషి నుంచి తుపాకులను కొంతకాలం స్వాధీనం చేసుకోమని, పోలీసులో, కొన్ని రాష్ట్రాల్లో కుటుంబ సభ్యులో కోరితే, న్యాయమూర్తి ఆధారాలు చూసి ఆదేశిస్తారు. ఆ తరువాత అవతలి పక్షం వాదన కూడా వింటారు. పార్క్‌ల్యాండ్ బడిలో 17 మంది మరణించాక, 2018లో ఫ్లోరిడాలో ఈ చట్టంపై సంతకం చేసినది రిపబ్లికన్ గవర్నరే. దీని విలువ సామూహిక కాల్పులతోనే ముడిపడి లేదు. 2021లో అమెరికాలో తుపాకులకు బలైన 48,830 మందిలో 26,328 మందివి ఆత్మహత్యలు. చేతికందే దూరంలో తుపాకీ లేకపోతే ఆ గడియ దాటి బతికి బయటపడేవారు ఎందరో ఉంటారు. కనెక్టికట్‌లో ప్రతి 10 నుంచి 20 స్వాధీనాలకు ఒక ప్రాణం నిలిచిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఇంత తెలిసీ టెక్సాస్ 2025లో, ఇటువంటి ఆదేశాలను అమలు చేయడమే నేరమయ్యేలా చట్టం తెచ్చింది. దీన్ని ముందుగా రద్దు చేయాలి.

అమెరికా రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన, ఆయుధాలు కలిగి ఉండే హక్కును ఇవి హరిస్తాయన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కానీ ఇతరుల భద్రతకు ముప్పుగా కోర్టు తేల్చిన వ్యక్తి నుంచి ఆయుధాన్ని తాత్కాలికంగా దూరం చేయవచ్చని సుప్రీంకోర్టు 2024లో రహీమీ కేసులో 8-1తో తీర్పునిచ్చింది. నేరస్థులు చట్టాన్ని లెక్కచేయరన్న వాదన అలెన్, యువాల్డే హంతకులకు వర్తించదు. ఇద్దరూ చట్టం ఇచ్చిన వీలుతోనే కొన్నారు.

టెక్సాస్ శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో, 140 రోజులకు మించకుండా జరుగుతాయి. ఒకసారి తప్పిన బిల్లు రెండేళ్లు ఆగాలి. డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉంటూ పౌరసత్వం పొందిన తెలుగువారు తమ ప్రాంత అభ్యర్థులను ఈ మూడింటి మీదా, అంటే కొనుగోలు అనుమతి, 21 ఏళ్ల వయోపరిమితి, 2025 చట్టం రద్దు మీద, సూటిగా నిలదీయాలి. హెచ్1బీ వీసా మీద ఉన్నవారికి ఓటు లేకపోయినా, కమిటీ విచారణకు వెళ్లి తమ మాట చెప్పుకోవడానికి ఓటు హక్కుతో పని లేదు.