ఉత్తర్వు లేని నిషేధాలు

2025 ఆగస్టులో జమ్మూకశ్మీర్ ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో 25 పుస్తకాలను జప్తు చేసింది. వాటిలో ఒకటి విశాఖలో ఎంవీపీ కాలనీలోనో, గాజువాకలోనో ఎవరింటి అల్మరాలోనో ఉందనుకుందాం. జప్తు ప్రకటించిన పుస్తకం దేశంలో ఎక్కడ కనబడినా పోలీసు అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. చట్టం అంతే రాసింది.

భయపెట్టే మాటే. అయితే ఈ అధికారమిచ్చిన నేరవిచారణ చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 98వ సెక్షన్ (దీనికి ముందున్న సీఆర్‌పీసీలో 95) సర్కారు చేతులు కూడా కొంత కట్టింది. ఎందుకు జప్తు చేస్తున్నారో ఉత్తర్వులోనే చెప్పాలి. కారణాలు రాయలేదన్న లోపంతోనే 1961లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ఉత్తర్వునొకదాన్ని కొట్టేసింది. పుస్తకంతో సంబంధమున్నవారు రెండు నెలల్లోగా హైకోర్టుకెళ్తే ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనం వినాలి. పాతిక పుస్తకాలనూ ఒకే గాటన కట్టి కారణాలు చెప్పడం నాకు సబబనిపించలేదు. అయినా ఆ ఉత్తర్వు ఉంది, దానికో తేదీ ఉంది, దాని మీద కొట్లాడొచ్చు.

కస్టమ్స్ దారి ఇంకోటి. పోర్టు ఉన్న ఊరివాళ్లకు దీని గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. 1988 అక్టోబరులో కేంద్రం సల్మాన్ రష్దీ ‘సటానిక్ వర్సెస్’ నవల దిగుమతిని ఆపింది. ముప్పై ఆరేళ్లయ్యాక, 2024 నవంబరులో, ఆ నోటిఫికేషన్ చూపించమని ఢిల్లీ హైకోర్టు అడిగితే అధికారుల దగ్గర లేదు. లేనట్టే అనుకోవాల్సి వస్తోందని కోర్టు తేల్చేసింది. డిసెంబరుకల్లా ఆ నవల ఢిల్లీలో అమ్మకానికొచ్చింది. కాగితం ఏ బీరువాలో పోయిందో గానీ, ‘మనకెందుకొచ్చిన గొడవ’ అన్న మాట మాత్రం అన్నేళ్లూ భేషుగ్గా పనిచేసింది.

మన దగ్గరి సంగతి చూడండి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్ని భాగాలు తీసేశాక 1928లో వదిలిపెట్టింది. ఎన్నికల వేళ, 1936లో, మళ్లీ పట్టుకుంది. అప్పటికి వాల్తేరులో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టుకుంది. సర్కారు కాదనేసరికి జాబితాలోంచి తీసేసింది. 1937లో రాజాజీ మంత్రివర్గం రాగానే నిషేధం పోయింది. ఊరి మాలపల్లె కథను నవలకెక్కించినందుకు ఒక పుస్తకం పదిహేనేళ్లపాటు ఇలా లోపలికీ బయటికీ తిరిగింది. ఐనా ప్రతి మలుపులోనూ కాదన్నది ఎవరో, ఔనన్నది ఎవరో ఇవాళ మనం చెప్పగలుగుతున్నాం.

2014లో అమెరికా పండితురాలు వెండీ డోనిగర్ హిందువుల చరిత్ర మీద రాసిన పుస్తకం విషయంలో ఆ మాత్రం కూడా లేదు. ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. దావా వేసినవాళ్లతో ప్రచురణకర్తలు రాజీపడి పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. అందులో రాసింది తప్పో ఒప్పో ఏ జడ్జీ చెప్పలేదు.

అందుకే రాతపూర్వకంగా వచ్చే నిషేధం కన్నా చడీచప్పుడూ లేకుండా జరిగేదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఎవరో ఫోన్ చేశారని ప్రెస్సువాళ్లు పుస్తకం అచ్చువేయడం ఆపేస్తారు. ఫిర్యాదొచ్చిందని లైబ్రరీలో పుస్తకం తాళమేసిన బీరువాలోకి చేరుతుంది. పాఠ్యప్రణాళిక సవరణలో ఒక నవల పేరు జారిపోతుంది. కారణం అడిగితే ‘పైనుంచి చెప్పారు’ అంటారు. హైకోర్టుకు వెళ్లడానికి చట్టమిచ్చిన ఆ రెండు నెలల గడువును ఇక్కడ ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?