సవరణ: ఎం10 ట్యాప్‌కు 9 కాదు, 8.5

మోటారు స్టాండులో ఎం10 (10 ఎం.ఎం.) బోల్టుకు ట్యాప్‌తో, అంటే రంధ్రం లోపల మర కోసే పనిముట్టుతో, మర వేయడం గురించి మొన్న రాస్తూ, 9 ఎం.ఎం. బిట్‌తో రంధ్రం చేయమన్నాను. తప్పు నాదే. మామూలు ఎం10 మర పిచ్, అంటే పక్కపక్క మర గీతల మధ్య దూరం, 1.5 ఎం.ఎం. పదిలోంచి అది తీసేస్తే 8.5, ఆ బిట్ వాడాలి. 9తో చేస్తే మర పైపైనే పడుతుంది, గట్టిగా బిగిస్తే జారిపోతుంది. హన్మకొండలో మా లేత్ షాపుకు ఒకాయన అలాంటి స్టాండే తెచ్చి, "మీరు చెప్పినట్టే చేసిన అన్నా" అని బల్ల మీద పెట్టాడు. నాకు నోట మాట రాలేదు.

ఇంకోటి, బీడు ఇనుముకు నూనె పోయమన్నాను. అక్కర్లేదు, జారుడుకు అందులోని గ్రాఫైటే చాలు. నూనె పోస్తే పొడి ముద్దకట్టి ట్యాప్‌కు పట్టేస్తుంది. స్టీలుకు మాత్రం నూనె తప్పనిసరి. ట్యాప్‌ను అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి.