సెన్సార్ ఎక్కడ పెడుతున్నారో చూస్కోండి
ఇంటి దగ్గర ఎండ, తేమ, వాన కొలుచుకునే వెదర్ స్టేషన్ల మీద మీ రివ్యూ చదివా, ఏది కొనాలో బాగా చెప్పారు కానీ ఎక్కడ బిగించాలో ఒక్క లైన్‌లో తేల్చేశారు, అసలు సంగతంతా అక్కడే ఉందండి. ఎంత మంచి టెంపరేచర్ సెన్సారైనా గోడకి బిగిస్తే గోడ వేడే చూపిస్తుంది, గాలి ఆడే చోట నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, ఎండ తగలకుండా తెల్ల షీల్డ్ (గాలి ఆడే కవర్) లోపల పెట్టాలి. ఇంక వాన కొలిచే రెయిన్ గేజ్... నాది ఒకసారి జోరువానలో కూడా సున్నా చూపించింది, పాడైపోయిందనుకుని మూత తీస్తే లోపల అటూ ఇటూ ఒరిగే చిన్న తొట్టికి సాలీడు గూడు కట్టేసి ఉంది, అది కదిలితే కదా లెక్క పడేది! అప్పట్నుంచి నెలకోసారి తీసి మెత్తటి బ్రష్‌తో దులుపుతున్నా. గాలిలో తేమ రీడింగ్ మీద డౌటుంటే తడి ఉప్పు ముద్ద ఉన్న చిన్న గిన్నె, సెన్సార్ కలిపి గాలి చొరబడని డబ్బాలో ఒక రోజు ఉంచండి, 75 శాతం దగ్గర్లో చూపించాలి, ఉప్పు మాత్రం సెన్సార్‌కి అంటకూడదు.