మూలికల డబ్బాకు మెదడు తరంగాలతో పనేమిటి?

హనుమకొండ చౌరస్తాలో మందుల దుకాణం నుంచి ఇప్పుడే వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతోంది. అమ్మకు బీపీ మాత్రలు ఇవ్వమంటే, అక్కడి కుర్రాడు నా కళ్ల కింద నలుపు చూసి అశ్వగంధ డబ్బా తీసి ముందు పెట్టాడు. "నిద్రమాత్ర కాదక్కా, అన్నీ మూలికలే. మెదడు తరంగాలను సరిచేస్తుంది" అట! డబ్బా మీద బొమ్మ చూడాలి. నీలిరంగు తలకాయ, దాని నడుమ గుండెకు తీసే ఈసీజీ గీత. మెదడుకు తీసే ఈఈజీకీ, గుండెకు తీసే ఈసీజీకీ తేడా తెలియని వాళ్లు నా మెదడును బాగుచేస్తారు!

ఏ తరంగాలు నాయనా? గాఢనిద్రలో వచ్చే డెల్టా తరంగాలు సెకనుకు నాలుగు మించవు. తలకు ఎలక్ట్రోడ్లు అతికించి రాత్రంతా రికార్డు చేస్తేగాని అవి పెరిగాయో తగ్గాయో తేలదు. ఈయనకు మాత్రం కౌంటరు వెనక నిలబడే తెలిసిపోయింది.

అన్నిటికన్నా మండించేది ఇది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'వేరు సారం, వితనోలైడ్లు 5 శాతం' అని గొప్పలు. వితనోలైడ్లంటే అశ్వగంధలో ఉండే రసాయనాలు. 2017లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకు ఈఈజీ పెట్టి మరీ చూస్తే, వితనోలైడ్లున్న సారం నిద్ర తెప్పించలేదు. తెప్పించింది ఆకులోని ట్రైఇథిలీన్ గ్లైకాల్ అనే మరో పదార్థం. అదీ ఎలుకలకు! (మా తాతయ్య అశ్వగంధ పొడి పాలలో కలుపుకుని తాగేవారు. ఏనాడూ తరంగాల ఊసెత్తలేదు, గురక మాత్రం వీధికి వినిపించేది.)

మూలిక కదా, హాని ఉండదట. ఉమ్మెత్త కూడా మూలికే, తినమనండి. అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు, డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. ఇక్కడ చిల్లర లేకపోతే చాక్లెట్ ఇచ్చినంత తేలిగ్గా అంటగడుతున్నారు.

అసలు నాకు నిద్ర ఎందుకు లేదో అడిగాడా? మా వీధి చివర ఫంక్షన్ హాలుంది. ముహూర్తాలు మొదలైతే అర్ధరాత్రి దాకా బరాత్, డీజే. వంటింట్లో గిన్నెలు అదురుతుంటే డెల్టా తరంగాలు ఎక్కడి నుంచి వస్తాయి? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నుంచీ కేంద్ర నిబంధనలున్నాయి. పోలీసులకు ఫోన్ చేసి చెబితే "పెళ్లి కదమ్మా, ఒక్క రోజు ఓర్చుకోండి" అంటారు. పెళ్లివారికి ఒక్క రోజే, నాకు మాఘమాసమంతా! శుక్రవారం మళ్లీ పెళ్లట. సకుటుంబంగా రమ్మని శుభలేఖ కూడా ఇచ్చి వెళ్లారు.